పాయింట్ ఐదే కదా

పదో తరగతి తర్వాత లెక్కలతో నా సంబంధం ఒక్క సంతకంతో తెగిపోయింది. ఇంటర్ దరఖాస్తులో హెచ్ఈసీ అని రాసి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత డిగ్రీ, రాజనీతిశాస్త్రంలో ఎంఏ, విలేకరి ఉద్యోగం. ఎన్నికలప్పుడు ఓట్ల శాతాలు తప్ప అంకెలతో పెద్దగా పనిలేని బతుకు. అవీ సరిగ్గా వచ్చేవి కావు. ఒకసారి ఓ పార్టీ ఓట్లు 40 శాతం నుంచి 44 శాతానికి చేరితే 'నాలుగు శాతం పెరుగుదల' అని రాశాను. డెస్కులో పెద్దాయన పిలిచి, "పెరిగింది నాలుగు పాయింట్లమ్మా, శాతంలో చెప్పాలంటే పది" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. అంకె తప్పితే మర్నాడు సవరణ వేస్తే సరిపోతుందనుకునే రోజులవి.

పోయిన చలికాలంలో ఓ రాత్రి మా చిన్నాన్న కూతురు కోల్‌కతా నుంచి ఫోన్ చేసింది. "అప్పా, నాకు లెక్కలు రావట్లేదు. ఇంటికొచ్చేస్తాను." దానికి సలహా చెప్పడానికి నాకంటే అనర్హురాలు మా వంశంలోనే లేదు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు. మా వైపు వాళ్లకు హైదరాబాద్ కంటే హౌరా దగ్గర. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగాల్. ఖరగ్‌పూర్‌లో రైల్వేని నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. దాని మేనమామదీ అలాంటి కుటుంబమే. ఆయన చొరవతోనే బైపీసీ అయ్యాక కోల్‌కతాలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఫార్మసీ సీటు దొరికింది. ఫీజు కోసం చిన్నాన్న జీడితోటలో కొంత తాకట్టు పెట్టారు. ఇంటికొచ్చేస్తానన్నంత తేలిక కాదది.

బైపీసీ తీసుకునే పిల్లల్లో సగం మంది జంతుశాస్త్రం మీద ప్రేమతో తీసుకోరు. లెక్కలు తప్పుతాయని తీసుకుంటారు. అలా తప్పించుకున్నవాళ్లను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్ మొదటి సెమిస్టర్‌లోనే పట్టుకుంటుంది. ఆ పేపరు పేరు 'రెమెడియల్ మ్యాథమెటిక్స్'. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు దాని బదులు 'రెమెడియల్ బయాలజీ'. లెక్కలు రాకపోవడమే ఒక జబ్బయినట్టు, మందుల చదువులో ముందుగా విద్యార్థికే చికిత్స. అందులో లాగరిథమ్స్ నుంచి మాత్రికలు, అవకలనం, సమాకలనం, చివరికి లాప్లాస్ పరివర్తన దాకా ఉంటాయి. ఇంటర్‌లో రెండేళ్లు నేర్పేదాన్ని, ఇంకాస్త కలిపి, ఒక్క సెమిస్టర్‌లో. మొదటి ఇంటర్నల్ పరీక్షలో చిన్నదానికి 30కి నాలుగు వచ్చాయి.

నాకు అదే వారం కోల్‌కతాలో పని పడింది. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశాక ఆయన గురించి ఓ కథనం రాయాలన్న ఆలోచన చాన్నాళ్లుగా వాయిదా పడుతూ వచ్చింది. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూసొద్దామని బయల్దేరాను. చిన్నదాన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. పేరుకి తోడు. అసలు సంగతి, గదిలో ఒంటరిగా వదిలితే టికెట్ తీసుకుని రైలెక్కేస్తుందని భయం.

రావుగారు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వచ్చి, అది దొరక్క 1941లో ఈ సంస్థలో చేరారు. ఆయన పేరుతో ప్రపంచమంతా చెప్పుకునే క్రామర్-రావు సూత్రం పుట్టింది ఓ తరగతి గదిలో. 1944 ప్రాంతంలో కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతున్నారు. పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితాన్ని వివరిస్తుంటే ఓ విద్యార్థి లేచి, చిన్న నమూనాకు దీన్ని నిరూపించలేమా అని అడిగాడు. అప్పటికప్పుడు ఆయన దగ్గర జవాబు లేదు. రాత్రంతా కూర్చుని, మర్నాడు తరగతిలో నిరూపించారు. ఉన్న సమాచారంతో వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికీ ఒక హద్దుంటుందని ఆ సూత్రం చెబుతుంది. 1945లో అచ్చయింది. అడిగిన విద్యార్థి వి.ఎం.దండేకర్. నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశంలో పేదరికంపై 1971లో అధ్యయనం వెలువరించిన ఆర్థికవేత్త ఆయనే. ఎంఏలో అది నాకు పాఠ్యగ్రంథం. పట్టికలున్న పేజీలు వదిలేసి చదివాను.

ఈ కథ చెబితే పిల్లకు ఉత్సాహం వస్తుందనుకున్నాను. "ఆయనకి ఏం అడగాలో తెలుసు కదప్పా. నాకు అదీ తెలీదు" అంది.

మర్నాడు పీజీ ఆసుపత్రి మీదుగా వెళ్తుంటే గోడ దగ్గర రొనాల్డ్ రాస్ స్మారకం చూపించింది. ఈ ఊళ్లో దానికి నచ్చిన వాటిలో అదొకటట. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ మరుసటేడు కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, దోమకాటుతోనే జబ్బు వ్యాపిస్తుందని తేల్చారు. 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. తర్వాత జరిగింది తక్కువమందికి తెలుసు. దోమల్ని పూర్తిగా నిర్మూలించడం ఎలాగూ కుదరదు కాబట్టి తగ్గించి లాభమేమిటని తోటివాళ్లు వాదించారు. సొంతంగా గణితం నేర్చుకున్న ఈ వైద్యుడు సమీకరణాలు రాసి, దోమల సంఖ్య ఒక స్థాయి కిందికి దిగితే చాలు, ఆఖరి దోమ దాకా చంపకపోయినా మలేరియా దానంతటదే అంతరిస్తుందని చూపించారు. కోవిడ్ కాలంలో టీవీల్లో మోగిపోయిన 'ఆర్ నాట్' మూలాలు ఇక్కడే ఉన్నాయి. అప్పుడు ఆ మాట నేనూ చాలా వార్తల్లో రాశాను. ఒకటి కంటే తక్కువైతే మంచిది అన్నంతవరకే తెలిసి రాశాను.

"డాక్టరుకి లెక్కలెందుకని ఆయన్నీ అడిగుంటారు" అంది చిన్నది. రెండ్రోజుల్లో అది నవ్వడం అదే మొదలు.

ఆ రాత్రి జాదవ్‌పూర్‌లో దాని గదిలో నోటు పుస్తకం తెరిచాం. ఇద్దరం మొద్దులమే కాబట్టి సిగ్గుపడే పనిలేదు. ఒక పేజీ నిండా ఈ పవర్ మైనస్ కేటీ. అదేమిటని అడిగాను. తెలీదు, బోర్డు మీద ఉంటే ఎక్కించుకున్నానంది. అదే పుస్తకం వెనక పేజీల్లో, వేరే పాఠం కింద, మందు ఒంట్లో సగమవడానికి పట్టే కాలం గురించి రాసుకుంది. అది మాత్రం దానికి బాగా తెలుసు. డోలో 650 వేసుకుంటే ఏమవుతుందో నాకు చెప్పింది. రెండున్నర గంటలకు సగమవుతుందనుకుంటే 325, ఇంకో రెండున్నర గంటలకు 162, తర్వాత 81. ప్రతిసారీ ఒకే మొత్తం పోదు, ఉన్నదాంట్లో సగం పోతుంది. అలా చెబుతూ గీత గీసింది. మొదట్లో నిటారుగా దిగి, తర్వాత నేలను తాకీ తాకనట్టు సాగే గీత. గీసి ఆగిపోయింది. బోర్డు మీద మేష్టారు గీసిందీ ఇదే. రెండూ ఒకటేనని అప్పటిదాకా దానికి ఎవరూ చెప్పలేదు, అదీ అడగలేదు.

ఇంతటితో ఆగుంటే బాగుండేది. కాసేపు ఏదో ఆలోచించి, "అప్పా, పెదనాన్న రిపోర్టులు గుర్తున్నాయా?" అంది.

మరిచిపోతే కదా. ఉద్దానంలో పుట్టినవాళ్లకు క్రియాటినిన్ అన్నది ఇంగ్లిష్ మాట కాదు. కూలికెళ్లే ఆడవాళ్లు కూడా 'మా ఆయనకి నాలుగుంది' అని చెప్పుకుంటారు. ఇన్నేళ్ల పరిశోధన తర్వాతా మా ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఫలానా అని తేలలేదు. మా నాన్నకు మొదట 1.1 ఉండేది. ఏడాదికి 2.2 వచ్చింది. రిపోర్టు చూసి, "పెరిగింది ఒకటే కదా నాన్నా, ఉప్పు తగ్గించు" అన్నాను నేనే. ఎన్నికల హడావిడిలో ఉన్నాను. ఆయనా "ఒకటే కదమ్మా" అని తోటకెళ్లిపోయారు. 4.4 వచ్చినప్పుడు పరుగెత్తాం. విశాఖపట్నం, డయాలసిస్, వారానికి మూడుసార్లు ప్రయాణం. రెండేళ్లు.

చిన్నది కొత్త పేజీలో ఇంకో గీత గీసింది. కిడ్నీ వడపోత తగ్గేకొద్దీ రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది, ఒకటి రెట్టింపయితే రెండోది సగం. వయసూ అవీ కలిపి డాక్టర్లు వేసే సూత్రం వేరే ఉంది, ఇది ముతక లెక్క. ముతక లెక్కే చాలు. 1.1 దగ్గర నూరు అనుకుంటే 2.2 దగ్గర యాభై. 4.4 దగ్గర ఇరవై ఐదు. ఒకటి పెరిగిందని నేను ఉప్పు తగ్గించమన్న ఏడాదిలో సగం పోయింది. అంతా కంగారుపడి పరుగెత్తిన రెండోసారి పోయింది పాతికే. అప్పటికి పోవడానికి ఎక్కువ మిగల్లేదు.

ఆ పేజీ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది నా భుజం మీద చెయ్యి వేయలేదు, నీ తప్పేం లేదప్పా అనలేదు. అందుకు సంతోషించాను. కింద వీధిలో ఎవరో బెంగాలీలో గట్టిగా బేరమాడుతున్నారు.

తర్వాత చిన్నది ఫోన్ తీసింది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల నాన్న రిపోర్టు ఫొటో తీసుకుందట. అంతకుముందు ఏడాదిది కూడా ఉంది. అప్పుడు 0.9. ఇప్పుడు 1.4. ల్యాబ్ కాగితం మీద మామూలు హద్దు 1.4 దాకా అని అచ్చయి ఉంది. అందుకని పక్కన చుక్క గుర్తు లేదు, నల్లటి అక్షరాల్లేవు. ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిదిని పద్నాలుగుతో భాగించింది. కాగితం మీదే, చేత్తోనే. 0.64 వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"మూడోవంతు పైనే తగ్గిందప్పా."

ఒక్క రిపోర్టు చూసి చెప్పకూడదు, ల్యాబు మారినా తేడా రావచ్చు, ఇంకోసారి చేయించాలి అన్నాను. ఆ మాత్రం జాగ్రత్త విలేకరి ఉద్యోగం నేర్పింది. అదీ ఒప్పుకుంది. రాత్రి పదకొండు దాటింది. అయినా ఫోన్ చేసింది.

చిన్నాన్న నిద్రలో లేచారు. ఏం జరిగిందోనని కంగారుపడ్డారు. పరీక్ష సంగతి కాదని తెలిశాక తేలికపడ్డారు. స్పీకర్‌లో ఆయన గొంతు అచ్చం మా నాన్నదిలాగే ఉంటుంది.

"పాయింట్ ఐదే కదమ్మా" అన్నారు.

"నాన్నా, రేపు మొదటి బస్సుకి పలాస వెళ్లు. పాత కాగితం కూడా పట్టుకెళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు" అంది చిన్నది. "రెండూ పక్కపక్కన" అని మరోసారి చెప్పింది.