గద్వాల మీదుగా గోవా బండి

మీ పిల్లలు సెలవుల్లో ఎక్కడికి తీసుకుపొమ్మంటారు? తిరుపతి, కాదంటే ఊటీ అంటారు కదూ! వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి సంక్రాంతికి ఇంటికొచ్చింది. నేను సకినాలు చుడుతుంటే పక్కన చేరి, "అమ్మా, గోవా పోదాం. నాకు విండ్ సర్ఫింగ్ నేర్చుకోవాలనుంది" అంది. చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది.

అదేమిటో ఫోనులో చూపిస్తే గాని నాకు తెలియలేదు. పొడుగాటి పలక, దాని మీద నిలబెట్టిన తెరచాప. మోటారు లేదు, తెడ్డు లేదు. పలక మీద నిలబడి, తెరచాపకున్న అడ్డకొయ్య పట్టుకుని, గాలిని ఆసరా చేసుకుని పోవాలట.

నాకు నీళ్లంటే భయం. మా పుట్టిల్లు కొల్లాపూర్ దగ్గర. నాకు పదకొండేళ్లప్పుడు మా అన్న స్నేహితులతో సోమశిల వైపు పోయి కృష్ణలో దిగాడు. తిరిగి రాలేదు. ఆ తర్వాత మా అమ్మ మమ్మల్ని చెరువు గట్టు కూడా ఎక్కనీయలేదు. పెళ్లయి గద్వాల వచ్చాక ఓసారి అందరం జూరాల డ్యామ్ చూడబోతే, నేను కారు దిగలేదంటే నమ్మండి.

అందుకే వెంటనే "వద్దు" అన్నాను. అది ఏడవలేదు, అలగలేదు. "నాకు ఈత కూడా నేర్పించలేదు నువ్వు" అని లేచిపోయింది. ఆ మాట రాత్రంతా గుచ్చుకుంది. మా అన్నకూ ఎవరూ ఈత నేర్పలేదు మరి!

పొద్దున లేచి ఒక షరతు పెట్టాను: ముందు ఈత, తర్వాతే గోవా. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో ఉండి నేర్చుకుంది. "ఆడపిల్లకు ఇదంతా ఎందుకు?" అని మావారు నసిగారు గాని, అమ్మాయి ఆయన ముందు పెద్ద లిస్టే చదివింది. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో తెరచాప పడవ నడిపి వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ రైతు బిడ్డట. సముద్రమే లేని ఊళ్ల పిల్ల, భోపాల్ చెరువులో నేర్చుకుంది! ఆ పోటీల్లోనే ఈబాద్ అలీ అనే అబ్బాయి విండ్ సర్ఫింగ్‌లో కాంస్యం గెలిచాడు. ఆయన ఇంక మాట్లాడలేదు.

ఇక నేను వాకబు మొదలుపెట్టాను. చీర కొనేముందు అంచు తిరగేసి చూసే వాళ్లం, బిడ్డను సముద్రంలోకి పంపేముందు ఆ మాత్రం అడగమా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం, అక్కడి సముద్రం మంచిది కాదు. నవంబరు అనుకున్నాం. గాలి సంగతి నాకు మన వంటింటి లెక్కలో అర్థమైంది. పెనం, నీళ్ల బిందె పక్కపక్కన ఎండలో పెడితే ముందు కాలేది పెనమే కదా! అట్లాగే పగలు నేల త్వరగా కాగుతుంది, దాని మీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం గాలి ఒడ్డుకు తోస్తుంది. తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలి లోపలికి లాక్కుపోతుంది, నేర్చుకునే వాళ్లకు అదే ప్రమాదం. ఈతొచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. అలసిపోతే తెరచాప నీళ్లలో పడేసి పలక మీదే కూర్చోవాలి, పలకను మాత్రం వదలకూడదు. నేర్పేవాళ్లకు శిక్షణ ఉందా, ఒడ్డున కాపాడే పడవ ఉందా అని ఫోను చేసి అడిగాను. అడిగినకొద్దీ విసుక్కున్నవాణ్ణి వదిలేశాను. ఓపిగ్గా చెప్పినవాళ్ల దగ్గర రెండు రోజులకు మాట్లాడుకున్నాం.

ప్రయాణం మాత్రం సులువు. 2024 అక్టోబరులో సికింద్రాబాదు నుంచి వాస్కోకి వారానికి రెండుసార్లు వెళ్లే బండి వేశారు. మన గద్వాల మీదుగానే పోతుంది. మర్నాడు పొద్దున మడగావ్‌లో దిగొచ్చు. దారికి పులిహోర, పల్లీల పొడి. కరకరలాడేలా ఆరబెట్టిన సజ్జరొట్టెలైతే నాలుగు రోజులైనా పాడవవు. గద్వాల చీరలు మాత్రం పెట్టె నుంచి తీసేశాను. ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది.

అన్నీ అయ్యాయి. అమ్మకు చెప్పడం ఒక్కటే మిగిలింది. వినాయక చవితికి వచ్చినప్పుడు పప్పులో రాళ్లు ఏరుతున్న ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. చాట కదల్లేదు. చాలాసేపటికి, "పిల్లకు ఈతొస్తదా?" అంది.

"వస్తదమ్మా. నేర్చుకుంది."

మళ్లీ చాట చెరిగింది. "నేను గూడ వస్తా. ఒడ్డుమీద కూసుంట" అంది.

అరవై రోజుల ముందు రిజర్వేషన్ మొదలుకాగానే మూడు కాదు, నాలుగు టికెట్లు తీశాం. అమ్మకు కింది బెర్తే దొరికింది.