వెలుగుతో కట్టిన స్తూపం

విజయనగరం చేరువలోని రామతీర్థంలో, గురుభక్తుల కొండమీద బౌద్ధ స్తూప, విహారాల శిథిలాలున్నాయి. కొండ ఎక్కలేని వృద్ధులకు వాటి రూపాన్ని దిగువనే చూపవచ్చునా?

వాల్యూమెట్రిక్ డిస్‌ప్లే అనే ఘనరూప ప్రదర్శన యంత్రం ఆ ఆశ కల్పిస్తుంది. పారదర్శక గోళంలో పలుచని తెర వడిగా తిరుగుతూ ఉంటుంది. దానిపై వస్తువు నిలువు కోతలు వెంటవెంటనే పడి, కంటికి ఒకే ఘనరూపంగా తోస్తాయి. ప్రత్యేకమైన కళ్ళద్దాలు అక్కరలేదు. స్తూపానికి వలెనే ప్రదక్షిణం చేస్తూ చూడవచ్చు. 2000 తరువాతి తొలి ఏళ్ళలో అమెరికాలో వచ్చిన 'పర్‌స్పెక్టా' యంత్రం 198 కోతలతో బొమ్మను చూపేది. బొమ్మ వెడల్పు 10 అంగుళాలే!

చిన్నదైతే సరిపెట్టుకోవచ్చు. వెలుగు చుక్క తన వెనుకనున్న చుక్కను మరుగుపరచలేకపోవడమే అసలు చిక్కు. ఇటుకల స్తూపం గాజుబొమ్మ అయిపోతుంది; ముందు గోడలోనుండి వెనుక గోడ కనబడుతుంది. వైద్యునికి మాత్రం ఈ లోపమే వరం. కణితికీ రక్తనాళానికీ నడుమ ఎంత ఎడమున్నదో అతడు అన్ని వైపులనుండి పరికించగలడు. విహారపు గదుల అమరిక కూడ విద్యార్థికి అట్లే బోధపడుతుంది. ఇటుక గరుకుదనం, గోడ నీడ దక్కవు.

మరి కూలిపోయిన పైభాగం మాటేమిటి? అది ఎట్లుండేదో యంత్రమెరుగదు. కొలతలందించిన పండితుని ఊహనే చూపుతుంది. నిలిచిన ఇటుకా, ఊహించిన శిఖరమూ ఒకే కాంతితో వెలుగుతాయి. వేరు రంగు వేస్తే తప్ప చూపరికి ఆ భేదం తెలియదు.