పొట్ట ఖాళీగా ఉంటే కదా!

‘ఏమీ తినడు డాక్టర్ గారూ’ అనే మాట వినపడని రోజు పిల్లల డాక్టరుకు ఉండదు. ఆ వెంటే ఆకలి పుట్టే టానిక్ రాయమంటారు. నేను టానిక్ జోలికి వెళ్లను. ‘నిన్న లేచింది మొదలు పడుకునేదాకా నోట్లోకి ఏమేం వెళ్లాయో వరసగా చెప్పమ్మా’ అంటాను. చాలాసార్లు జబ్బేమిటో అక్కడే తేలిపోతుంది.

రెండున్నరేళ్ల పాపను తీసుకొచ్చారు. కూర ముక్క తగిలితే ఉమ్మేస్తుంది, పండు చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. వరసగా అడిగితే లేవగానే సీసా పాలు, పదింటికి బిస్కెట్లతో మళ్లీ పాలు, అన్నం తినలేదని మధ్యాహ్నం పాలు, సాయంత్రం ఒకసారి, రాత్రి నిద్రలో ఇంకోసారి. లీటరు దాటింది. ‘అన్నం ఎలాగూ ముట్టదు, పాలైనా తాగుతోంది కదా బాబూ’ అంది నాయనమ్మ. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 7 దగ్గరుంది.

పాలలో ఇనుము దాదాపు లేనట్టే. పైగా వాటిలోని కాల్షియం, మిగతా తిండిలో ఉన్న ఇనుమును సరిగా ఒంటపట్టనివ్వదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. దీనికి పేదరికం ఒక్కటే కారణమనుకునేవాళ్లు నా దగ్గరికొచ్చే కార్లున్న కుటుంబాలను చూడాలి.

ఐరన్ చుక్కలు రాసి, సీసా మానిపించి, పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులు దాటొద్దన్నాను. మొదట్లో ఇల్లంతా ఏడుపులేనట. తర్వాత పప్పులో తోటకూర కనపడినా పాప పేచీ పెట్టలేదు. ఆకలి వేసింది మరి!

తల్లులకు నేను చెప్పే లెక్క ఇంకొకటుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. కొత్త రుచిని అనుమానంగా చూసే వయసు కూడా సరిగ్గా అదే. అది తెలియక పెద్దలు గిన్నె పట్టుకుని వెంటపడతారు, ఫోన్ చేతికిచ్చి నోట్లో కుక్కుతారు. అలా కుక్కితే కడుపు నిండుతుందేమో గానీ బీరకాయ రుచి నాలుకకెక్కదు. అమెరికాలో పరిశోధకురాలు లియాన్ బర్చ్ బృందం బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు సూప్ ఇచ్చి చూసింది. ‘తాగెయ్, తాగెయ్’ అని పోరినప్పటి కంటే ఊరుకున్నప్పుడే వాళ్లు ఎక్కువ తాగారు. పోరిన సూప్ మీద సణుగుడు కూడా ఎక్కువే. ఈ ఫలితం 2006లో అచ్చయింది. మన ఇళ్లలో ఇది రోజూ రుజువవుతూనే ఉంది.

కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి పది, పదిహేనుసార్లు పళ్లెంలో కనపడాల్సి రావచ్చు. మనం మూడోసారికే ‘వీడికి పడదు’ అని తీర్పు చెప్పేస్తాం. వాడికి అలవాటైన అన్నం పక్కన ఒక్క చెంచాడు పెట్టండి. తింటే పొగడొద్దు, వదిలేస్తే తిట్టొద్దు. కాకరకాయతో మాత్రం మొదలుపెట్టకండి. చేదు పిల్లల నాలుకకు పెద్దల కంటే గట్టిగా తగులుతుంది. తీపి గుమ్మడి, క్యారెట్, చిలగడదుంప ముందు అలవాటు చేయండి. దోశపిండిలో క్యారెట్ తురిమి దాచే తల్లులున్నారు. తప్పు లేదు, కానీ పిల్లవాడికి క్యారెట్‌తో పరిచయం అవదు. ‘బెండకాయ తింటే చాక్లెట్’ అనే బేరం మాత్రం పూర్తిగా చెడ్డది. బెండకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది.

మలబద్ధకంతో ఏడుస్తూ నా దగ్గరికొచ్చిన ఐదేళ్ల బాబు విషయంలో చిక్కు వేరే చోట ఉంది. వాడు తినేది పెరుగన్నం, బంగాళదుంప వేపుడు. ‘ఇంట్లో కూరగాయలు ఎవరెవరు తింటారు?’ అన్నాను. తల్లి నవ్వు ఆపుకుంటూ భర్త వైపు చూసింది. ఆయన సాంబారులో ములక్కాడ ముక్కలు కూడా ఏరి పక్కన పెట్టే మనిషట! మందు కొడుక్కి రాశాను, జామకాయలూ ఆకుకూరలూ తండ్రికి రాశాను. అందరూ కలిసి కూర్చుని అవే తినాలన్నాను. బాబు అమ్మమ్మగారింట్లో గోంగూర ఆకులు తుంచిపెట్టి, తాను తుంచిన పచ్చడని అడిగి వేయించుకున్నాడని తర్వాత తెలిసింది.

చిన్నపిల్లలకు ద్రాక్షపళ్లు నిలువునా కోసి పెట్టండి. సీతాఫలం, సపోటా గింజలు తీసి ఇవ్వండి, గొంతుకు అడ్డం పడతాయి. బిడ్డ బరువు తగ్గుతున్నా, మట్టి, సుద్ద తింటున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, నాలుగైదు పదార్థాలు తప్ప ఏదీ నోట పెట్టనివ్వకపోయినా అది మారాం కాదు, వెంటనే డాక్టరుకు చూపించండి.