ద్రాస్‌లో ఫిరంగి మోత

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో జోజిలా దాటితే ద్రాస్. తోలోలింగ్ కొండ కింద యుద్ధ స్మారకం దగ్గర ఇప్పుడు పర్యాటకుల సందడి. 1999లో ఈ కొండలు బోఫోర్స్ ఫిరంగులతో దద్దరిల్లాయి.

‘చెవులు చిల్లులు పడ్డాయి’ అని పెళ్లి బ్యాండుకీ అనేస్తాం. ఫిరంగి పక్కన అది మాటవరసకు కాదు! 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కటి చాలు, వినికిడి దెబ్బతినడానికి. 155 ఎంఎం ఫిరంగి దగ్గర మోత 170 కూడా దాటుతుంది. లోచెవిలో చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు. ‘కీ...’మనే హోరు కొందరిని జీవితాంతం వదలదు.

చెవిలో బిరడా పెట్టుకోవచ్చుగా? పెట్టుకుంటే పైఅధికారి ఆజ్ఞ వినపడదు, దూసుకొచ్చే శత్రువు గుండు చప్పుడూ తెలీదు. అందుకే తీసేసేవాళ్లూ ఉంటారు. మాటను రానిచ్చి మోతను ఆపే ఇయర్‌ప్లగ్‌లూ తర్వాత వచ్చాయి.

ద్రాస్‌లోని పాయింట్ 5140కి 2022లో గన్నర్ల గౌరవార్థం పెట్టిన పేరు... గన్ హిల్.