నాగుపాముకి పడగ

పెళ్ళయిన నలభైమూడేళ్ళకి మా ఇంట్లో ఓ నాగుపాము చేరింది. పుట్టలో కాదు, గ్యారేజీలో. చేర్చినవారు మావారే.

మావారు ఎముకల డాక్టరు. 1974లో తెనాలి నుంచి ఇంగ్లండు వచ్చి, ఈ లాంకషైరు వానల్లో నలభై ఏళ్ళపాటు జనం విరగ్గొట్టుకున్న కాళ్ళూ చేతులూ అతికి రిటైరయ్యారు. రిటైరైన మగవాళ్ళు ఏం చేస్తారు? గులాబీ మొక్కలు వేస్తారు, లేకపోతే వంటింట్లోకి వచ్చి పోపులో ఆవాలు ఎక్కువయ్యాయంటారు. ఈయన ఆ రెండూ చెయ్యలేదు. 2015లో ఒకరోజు లారీ మీద కారు తెప్పించారు. కారంటే కారు కాదు. ఇనప చట్రం ఒకటీ, ఫైబర్‌గ్లాసు ఒళ్ళు ఒకటీ, ఇరవై ఏడు అట్టపెట్టెలూ. ఇక్కడ దీన్ని కిట్ కారంటారు. ముక్కలు కొనుక్కుని ఎవరికి వారే ఇంట్లో బిగించుకోవాలి. మనం కాయలు తెచ్చుకుని ఆవకాయ కలుపుకోమూ, అలాగన్నమాట.

ఆ కారుకి మూలం కోబ్రా. దాని కథ మావారు భోజనాల దగ్గర చెప్పగా చెప్పగా నాకూ కంఠతా వచ్చేసింది. అమెరికాలో షెల్బీ అని పందెపు కార్లు నడిపేవాడొకడు ఉండేవాడు. 1959లో ఫ్రాన్సులో లె మాన్ పందెం గెలిచాడు. మరుసటేడే గుండె జబ్బుతో పందాలు మానుకోవలసి వచ్చింది. అయినా ఊరుకోలేదు. ఇంగ్లండులో ఏసీ అనే చిన్న కంపెనీ చేసే తేలికపాటి కారులో అమెరికా ఫోర్డు ఇంజను పెట్టించి, 1962లో దానికి కోబ్రా అని పేరు పెట్టాడు. ఆ పేరు తనకి కలలో కనిపించిందని చెప్పుకునేవాడట. నాగుపాము కల్లోకొస్తే మా అత్తగారైతే తెల్లారకుండానే పుట్టలో పాలు పోయించేవారు. ఆయన కారు చేయించాడు. అసలువి వెయ్యి దాకానే తయారయ్యాయిట, ఇవాళ వాటి ధర కోట్లలో పలుకుతుంది. అంచేత లోకమంతా నకళ్ళు. మా గ్యారేజీలోదీ అలాంటి నకలే.

పొద్దున కాఫీ తాగి ఆయన అందులోకి వెళితే మధ్యాహ్నం అన్నానికి పిలవాలి. వంటింటికీ గ్యారేజీకీ మధ్య ఒక్క తలుపే. ఇవతల నేనూ, నా కుట్టుమిషనూ. అవతల ఆయనా, ఆయన పానాలూ. పిల్లలిద్దరూ లండనులో. మూడేళ్ళపాటు రోజంతా మేము మాట్లాడుకున్న మాటలు ఏరి చూస్తే, "ఉప్పు సరిపోయిందా", "మందు వేసుకున్నారా" అన్నవాటికి మించి దొరికేవి కావు. మధ్యలో 2017లో ఆయన గుండెకి బైపాస్ ఆపరేషనైంది. ఇంటికొచ్చిన మూడో నెలలోనే మళ్ళీ గ్యారేజీ! కాదంటే, "షెల్బీకి 1990లో ఏకంగా గుండే మార్చారు తెలుసా? ఎనభై తొమ్మిదేళ్ళు బతికాడు" అనేవారు. ఇంకేం అంటాం?

2018 చివరికి కారు లేచి నిలబడింది. ప్రభుత్వంవారి పరీక్ష నెగ్గింది, నంబరు వచ్చింది. నీలం రంగు, నడిమధ్య రెండు తెల్ల చారలు. పైకప్పు మాత్రం లేదు.

"ఎక్కవోయ్, అలా తిరిగొద్దాం" అన్నారు.

"ఎప్పుడు వాన పడుతుందో తెలియని ఊళ్ళో టాపు లేని కారేమిటండీ? మీ పాముకి పడగ పెట్టించండి, అప్పుడెక్కుతాను" అన్నాను. మాట అలా వచ్చేసింది గానీ, తీరా చూస్తే ఇక్కడివాళ్ళు కారుకి వేసే గుడ్డ కప్పునీ, పాము పడగనీ 'హుడ్' అనే ఒక్క మాటతోనే పిలుస్తారట!

ఇంకో భయం కూడా ఉంది. ఆ కారుకి పొగగొట్టం తలుపు కిందుగా, ఒంటి పక్కనే బయటికి ఉంటుంది. ఇంజను తిరిగాక నిప్పులా కాలుతుంది. దిగేటప్పుడు పిక్కకి తగిలితే పాముకాటని ఆ కార్లవాళ్ళు నవ్వుకుంటారు. ఈయనకి అప్పటికే రెండు కాట్లయ్యాయి. బర్నాల్ రాసింది నేను.

ఫిబ్రవరిలో హుడ్డు వచ్చింది. రెగ్జీను లాంటి నల్లటి వినైల్ గుడ్డ, దాని వెనక భాగంలో ప్లాస్టిక్ కిటికీ, రెండు వంపు కమ్మీలు, సంచీడు గుండీలు. గుండీలంటే మన రవికల టిచ్ బటన్లకి పెద్దన్నలు. ఒక సగం గుడ్డకి, రెండో సగం కారు ఒంటికి. చిక్కల్లా ఏమిటంటే, ఫైబర్‌గ్లాసు ఒళ్ళు చేత్తో అచ్చు పోసినవి, ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు. అంచేత కన్నాలు ముందే పెట్టి పంపరు. గుడ్డని మన కారు మీదే పరిచి, లాగి, గుర్తు చూసుకుని మనమే పెట్టుకోవాలి.

మావారికి కన్నాలంటే లెక్కేమిటి? ఎముకలకే పెట్టిన చెయ్యి! ఒక్కరే కమ్మీలు దిగేసి, గుడ్డ ముందంచు అద్దం చట్రానికి తగిలించి వెనక్కి లాగారు. చలికి గుడ్డ అప్పడంలా బిగుసుకుపోయి రెండంగుళాలు చాలలేదు. బలంగా లాగి, కుడి మూల ఓ కన్నం కూడా పెట్టేశారు. కాసేపటికి గ్యారేజీలో చప్పుడు ఆగిపోయింది.

నాకెందుకో ఒళ్ళు జలదరించి తలుపు తోసుకు వెళ్ళాను. స్టూలు మీద కూచుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతున్నారు. మొహం పాలిపోయి ఉంది. నాలిక కింద కొట్టుకునే మందు జేబులో లేదు, వంటింట్లో ఉంది. పరుగెత్తి తెచ్చేలోగా నా గుండె ఆగినంత పనైంది. మందు కొట్టాక కాసేపటికి తేరుకున్నారు.

"నన్నెందుకు పిలవలేదండీ?" అన్నాను.

"నీకిష్టం లేదు కదా" అన్నారు.

నాకు జవాబు దొరకలేదు. మూడేళ్ళలో అన్నానికి పిలవడానికి తప్ప ఆ తలుపు నేనెప్పుడు తీశాను గనక?

మర్నాడు గుండె డాక్టరుకి చూపించాం. బలవంతాన లాగే పనులు వద్దన్నాడాయన. "అయితే గుడ్డ సంగతి నాకొదిలెయ్యండి. నాకు కార్లు తెలియవు గానీ గుడ్డ తెలుసు" అన్నాను.

జూన్ దాకా ఆగాం. బాగా ఎండ కాసిన రోజు చూసి, గుడ్డని రెండు గంటలు బట్టల తీగ మీద వేశాను. మెత్తబడి, చెప్పిన మాట వినే పిల్లలా అయింది. కారు తలుపులు మూసి, పక్క తెరలు బిగించి, రవికకి వీపు మధ్య మడత చూసుకున్నట్టు ముందూ వెనకా నడుమ సుద్దతో గీతలు పెట్టాను. వెనక నడుమ నుంచి మొదలెట్టి కుడికొకటీ ఎడమకొకటీ గుర్తులు. కన్నాలకి ఆయన తొందరపడితే ఆపి, ముందు కాగితం టేపుతో అతికించాను, టాకాలు వేసినట్టు. రాత్రంతా అలాగే వదిలాం. "బిగించి కుడితే అందంగానే ఉంటుందే, ఊపిరి పీల్చుకోడానికి వేలెడు వదలాలి" అనేది మా అమ్మ. చలికాలం ముడుచుకునే గుడ్డకీ అదే న్యాయం.

కన్నాలు పెట్టేటప్పుడు డ్రిల్లు నా చేతిలో, నా చెయ్యి ఆయన చేతిలో. టేపు మీదే పెట్టాలట, ముందు సన్నటి ములికితో, నెమ్మదిగా. లేకపోతే పైనున్న నునుపు పొర పెచ్చులుగా లేస్తుంది. "ఎముక మీదా ఇలాగే జారుతుందోయ్" అన్నారు. ఆయన ఆపరేషన్ల సంగతి నాకు చెప్పడం అదే మొదలు. పధ్నాలుగు గుండీలకి రెండు రోజులు పట్టింది. ఫిబ్రవరిలో పెట్టిన కన్నం అంగుళం తప్పిందని తేలింది. పూడ్చి రంగు వేశారు గానీ, ఎండ పడితే ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ ఆదివారం లిథమ్ సముద్రం ఒడ్డుకి బయలుదేరాం. దారిలో వాన రానే వచ్చింది. హుడ్డు మీద చినుకులు తెనాలిలో మా రేకుల వసారా మీద పడ్డట్టే పడ్డాయి. అద్దం మూల నుంచి ఒక్కో బొట్టూ జారి నా మోకాలి మీద చీర తడుస్తోంది.

"తడుస్తున్నావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

దిగేటప్పుడు కుచ్చిళ్ళు ఒడిసి పట్టుకుని, కాలు దూరంగానే వేశాననుకున్నాను. చురుక్కుమంది. బర్నాల్ ట్యూబు ఆయన జేబులోనే ఉంది. పక్కనే గుండె మందు కూడా. ఈసారి రాసింది ఆయన.