గంధోత్తమ

అమరకోశంలో మద్యానికి చెప్పిన పేర్లలో 'గంధోత్తమ' ఒకటి. వాసన చేత శ్రేష్ఠమైనది అని అర్థం. విద్వాన్ చదివే రోజుల్లో అమరం వల్లె వేసినవాణ్ణి, ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాణ్ణి. సుర, హాల, ప్రసన్న, కాదంబరి, గంధోత్తమ... పేర్లన్నీ నోటికి వచ్చు. వస్తువును మాత్రం ఎరగను. నెల్లూరు జిల్లా పల్లెల్లో నా ముక్కుకు తెలిసిన మద్యం సారా ఒక్కటే. ఆ వాసనకు 'ఉత్తమ' అన్న విశేషణం తగిలించడానికి ఎవరికీ చేతులు రావు. అమరసింహుడు ఏదో మర్యాదకు ఆ మాట వేసి ఉంటాడని సరిపెట్టుకున్నాను.

అరవై ఏడో ఏట, బెల్జియం దేశంలో, పుష్యమాసపు చలిలో, ఆ పేరుకు తగిన వస్తువు ఒకటి నా ముందుకు వచ్చింది. ఆ ముచ్చటే ఇది. పండితుడు ముదిమిలో దారి తప్పాడని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నాక కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవమని మనవి.

మా అబ్బాయి లూవెన్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. 1425లో పుట్టిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అది. చిప్పుల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ కూడా అక్కడే ఉన్నందువల్ల మన వాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు. మొన్న సంక్రాంతి మేము అక్కడే చేసుకున్నాం. ఆ దేశంలో జనవరి నెలంటే ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు, అయిదింటికల్లా మళ్ళీ చీకటి. మధ్యలో ఉన్నది కూడా పగలని చెప్పడానికి లేదు. తడిసిన బూడిద రంగు ఆకాశం, ఆకు లేని చెట్లు, సన్నగా కురిసే జల్లు.

పండగ వెళ్ళిన మూడో నాడు మా వాడు నా ఎదుట కూర్చుని, "నాన్నా, ఒక మాట చెప్పాలి" అన్నాడు. "మీరు వచ్చినప్పుడల్లా ఫ్రిజ్జులో ఉన్న బీరు సీసాలు తీసి పక్కింటివాళ్ళ దగ్గర దాస్తున్నాను. ఈసారి దాచలేదు. నాకూ నలభై ఏళ్ళు వచ్చాయి."

నేను ఏమీ అనలేదు. వాళ్ళమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె మౌనానికి కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు ముప్పై రెండేళ్ళకే సారాకు బలై పోయాడు. రెండెకరాల మాగాణి ముందు పోయింది, మనిషి తర్వాత పోయాడు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైనప్పుడు నేను రాత్రి బడికి పేరు ఇవ్వడానికి అక్షరాల మీద ప్రీతి ఎంత కారణమో, ఆ చావు కూడా అంతే కారణం. ఏడేళ్ళ మా వాడు లాంతరు పట్టుకుని నా వెంట వచ్చేవాడు.

ఆ వాచకాల్లో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. తాగుడు ఒక ఇల్లాలి సంసారాన్ని ఏం చేసిందో చెప్పే పాఠం. నేను దాన్ని చదివి వినిపించనక్కరలేకపోయింది. రెండు వాక్యాలు కాగానే తక్కిన కథ వాళ్ళే చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా. ఒకామె పలక మీద 'సారా' అని కూడబలుక్కుని రాసి, నాకు చూపించి, నేను తప్పొప్పులు చెప్పేలోగా అరచేత్తో తుడిచేసింది. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన సంగతి లోకానికంతా తెలిసినదే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. కాగితం మీది చట్టం సడలినా ఆ పలక నా మనసులోంచి చెరగలేదు.

కాబట్టి మా అబ్బాయి చెప్పిన మాట నాకు చిన్నది కాదు. అలాగని నలభై ఏళ్ళ కొడుకును గోడకుర్చీ వేయించలేను గదా! రెండు రోజులు ఆలోచించి, "నువ్వు తాగేది ఏమిటో నాకు చూపించు" అన్నాను. మా వాడు నమ్మలేనట్లు చూశాడు. మా ఆవిడ అంతకంటె నమ్మలేనట్లు చూసి, "అయితే నేనూ వస్తాను" అంది.

ఆ శనివారం కోడలు కారు నడిపింది. లూవెన్‌కు తూర్పున, చక్కెర మిల్లుకు పేరున్న టీనెన్ పట్టణాన్ని ఆనుకుని హూగార్డెన్ అనే చిన్న ఊరుంది. చుట్టూ దుక్కి దున్నిన పొలాలు, ఊరి నడుమ తన స్థాయికి మించినంత పెద్ద చర్చి. గోధుమ బీరుకు ఆ ఊరు పేరు పొందింది. ఒకప్పుడు అంత చిన్న ఊళ్ళో ముప్పైకి పైగా బట్టీలు ఉండేవట. వాటిలో చివరిదాన్ని 1957లో మూసేశారు. జనం తేటగా బంగారు రంగులో ఉండే కొత్త రకం బీర్లకు మరిగారు. కలకగా, పుల్లగా ఉండే పల్లెటూరి బీరు ఎవరికీ పట్టలేదు.

దాన్ని మళ్ళీ బతికించినవాడు పండితుడూ కాదు, ధనవంతుడూ కాదు. ఇంటింటికీ పాలు పోసే మనిషి, పేరు పియర్ సెలిస్. 1925లో పుట్టాడు. కుర్రతనంలో ఇంటి పక్కనున్న ఆ చివరి బట్టీలో చేతి సాయం చేసేవాడు. ఏ దినుసు ఎప్పుడు వేస్తారో చూసి గుర్తు పెట్టుకున్నాడు. 1966లో సొంతంగా మళ్ళీ కాచడం మొదలుపెట్టాడు. 1985లో కార్ఖానా కాలిపోయింది. నిలబెట్టడానికి పెద్ద కంపెనీ సొమ్ము తేవలసి వచ్చింది, దానితో క్రమంగా పెత్తనం చెయ్యి జారింది. ఆ మనిషి అరవై ఏళ్ళు దాటాక అమెరికా వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో 1992లో అదే బీరును మళ్ళీ మొదలుపెట్టాడు. 2011లో కన్నుమూశాడు. 2005లో కంపెనీవారు ఈ కార్ఖానాను వేరే ఊరికి తరలిస్తామని ప్రకటిస్తే ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. 2007లో ఆ ఆలోచన మానుకున్నారు. ఈ కథ మా అబ్బాయి కారులో చెబుతుంటే, తాగుడు సంగతి మరిచిపోయి ఏదో లుప్తగ్రంథాన్ని ఉద్ధరించినవాడి చరిత్ర వింటున్నట్లు విన్నాను.

చర్చికి ఎదురుగా ఉన్న పానశాలలో కూర్చున్నాం. లోపల వెచ్చగా ఉంది. పక్క బల్ల దగ్గర ఒక ముసలి దంపతులు, వాళ్ళ కూతురు, పదేళ్ళ మనవడు భోజనం చేస్తున్నారు. ఆరు పలకల మందపాటి గాజు గ్లాసులో తెచ్చి పెట్టారు. "ఇది ఎండాకాలపు పానీయం నాన్నా, చలికాలంలో ఇక్కడివాళ్ళు నల్లగా చిక్కగా ఉండేవి తాగుతారు. కానీ మీరు వచ్చింది ఇప్పుడు గదా" అన్నాడు మా వాడు.

బియ్యం కడిగిన నీళ్ళలో చిటికెడు పసుపు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. పైన గుమ్మపాల నురుగులాంటి నురుగు. వాళ్ళ భాషలో దీన్ని 'విట్' అంటారు, తెలుపు అని అర్థం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో పాటు మొలకెత్తించని పచ్చి గోధుమలు కూడా వేస్తారు. ఆ గోధుమ వల్లా, అడుగున ఉండిపోయే ఈస్టు వల్లా ఈ కలక వస్తుంది. ఇది లోపం కాదు, లక్షణం. అమరకోశంలోని 'ప్రసన్న', అంటే తేటగా ఉన్నది, అనే పేరు దీనికి నప్పదు.

నేను గ్లాసు ఎత్తకముందే మా ఆవిడ దాన్ని ముందుకు లాక్కుని వాసన చూసింది. "ఇదేమిటండీ, ధనియాల చారు వాసన వస్తోంది!" అంది.

ఆమె ముక్కు మోసపోలేదు. ఇందులో దంచిన ధనియాలు నిజంగానే వేస్తారు. జర్మనీలోని బవేరియాలో 1516లో చేసిన శాసనం బీరులో బార్లీ, హాప్ పువ్వులు, నీళ్ళు తప్ప మరొకటి కూడదంది. ఈ ప్రాంతాలకు ఆ శాసనం లేదు. అందువల్ల ఇక్కడ సంబారాలు నిలిచాయి. ధనియాలను సంస్కృతంలో కుస్తుంబురు అంటారు. మన కొత్తిమిరి, కన్నడిగుల కొత్తంబరి ఆ మాటకు చుట్టాలే. రెండో దినుసు ఎండబెట్టిన చేదు నారింజ తొక్క. ఇప్పుడు మనం కమలాలను కూడా నారింజలంటున్నాం గాని, మా అమ్మ పులిహోర కలిపిన నారింజ ఈ పుల్లటి, చేదు తొక్కదే. సంస్కృతపు నారంగ శబ్దం పారసీకం, అరబ్బీ మీదుగా స్పెయిను చేరి యూరప్ అంతా పాకింది. ధనియాలూ నారింజా కలిసి గోధుమ గంజిలో పడి, పొలం గట్ల మధ్య ఊళ్ళో నన్ను పలకరించాయి.

ఒక గుక్క తాగాను. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. మొదట పులుపు, వెంటనే గోధుమ కమ్మదనం, మింగిన తర్వాత నాలుక వెనక నారింజ తొక్క చేదు. చలికాలంలో తాగడం కూడా ఒకందుకు మేలే అనిపించింది. ఎండలో అయితే దాహానికి గటగటా తాగేస్తారు. నేను గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అది వెచ్చబడే కొద్దీ ధనియాల వాసన విచ్చుకుంటూ వచ్చింది. గంధోత్తమ అన్న మాట తనంతట తాను నోటికి వచ్చింది.

మద్యం మన శాస్త్రాలకు కొత్త కాదు. కౌటిల్యుడు సురాధ్యక్షుడి విధులు చెబుతూ ఆరు రకాల మద్యాలను, వాటి దినుసులను వివరించాడు. బెల్లంతో చేసే మైరేయంలో పిప్పళ్ళు, మిరియాలు పడతాయి. పులియబెట్టే పదార్థానికి ఆయన వాడిన మాట కిణ్వం. మన విజ్ఞానశాస్త్ర వాచకాల్లో పిల్లలు చదివే కిణ్వనం అందులోంచి వచ్చినదే. ఇక నియమనిష్ఠల ఇళ్ళలో సైతం బాలింతలకు పట్టే దశమూలారిష్టం పులిసి, తనలో తానే మద్యసారాన్ని పుట్టించుకునే కషాయం. దాన్ని ఎవరూ మద్యమనరు. ఎందుకంటే దానికి ఒక కొలత ఉంది, ఒక సమయం ఉంది, పోసి ఇచ్చే అమ్మమ్మ ఒకరున్నారు.

ఈ మాటే నాలో నేను అనుకుంటూ ఉండగా మా ఆవిడ గ్లాసును మళ్ళీ వాసన చూసి, మెల్లగా, "మా తమ్ముడు తాగినదానికి ఇట్లాంటి వాసన లేదు" అంది.

బల్ల దగ్గర ఎవ్వరం మాట్లాడలేదు. ఆమె బెల్జియం బీరును మెచ్చుకోలేదు, తమ్ముణ్ణి నిందించలేదు. ప్లాస్టిక్ సంచీలో పోసి అమ్మిన ఆ సారాలో ఏ గింజ వాసనా ఉండేది కాదు, ఏ ఊరి పేరూ ఉండేది కాదు. దాన్ని ఎవరూ ఆడవాళ్ళతో, పిల్లలతో కలిసి కూర్చుని తాగలేదు. కూలి డబ్బు చేతిలో పడగానే, ఇల్లు చేరకముందే తాగారు. మత్తు తప్ప అందులో మరొక సరుకు లేదు.

అంతమాత్రాన ధనియాలు వేస్తే దోషం పోతుందని నేను అనబోవడం లేదు. నూటికి అయిదు పాళ్ళు మద్యసారం ఇందులోనూ ఉంది. ఇల్లు గుల్ల చేసుకోదలచినవాడికి సుగంధం అడ్డుపడదు. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ గౌరవం చేసే చేతులకు, నేర్చిన విద్యకు చెందుతుంది గాని, సీసాకు చెందదు. పలక మీద ఆ మాట తుడిచేసిన ఆమె ఈ బల్ల దగ్గరికి వచ్చి నిలబడితే, గ్లాసులో ఏముందని అడగదు. దీని ఖరీదు ఎవరి అన్నంలోంచి తీశారని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలిగినవాడు తాగవచ్చు. చెప్పలేనివాడికి గుక్కెడు కూడా ఎక్కువే. శాస్త్రాలు తిరగేసినా, వాసన చూసినా నాకు తేలిన ధర్మం ఇంతే.

నేను పావు గ్లాసు తాగి మిగతాది మా వాడి వైపు జరిపాను. మా ఆవిడ తాగలేదు. తాగమని ఎవరూ అనలేదు. ఇంటికి వెళ్ళాక ధనియాలు వేయించి, దంచి, చారు కాచింది. ఆ రాత్రి అందరం రెండేసి గ్లాసులు తాగాం.

ఇప్పుడు మా అబ్బాయి సీసాలు దాచడం లేదు. నేను ఆ ఊసు ఎత్తను. వారానికోసారి ఫోనులో వాళ్ళమ్మ మాత్రం, "ఈ వారం ఎన్ని?" అని అడుగుతుంది. వాడు నిజమే చెబుతాడు.