గీత దూరం, దారి దూరం

ఖమ్మం నుండి కూనవరం బయలుదేరిన ఉదయం మా అబ్బాయి ఫోనులో పటం తెరిచి లెక్కలు చెప్పనారంభించాడు. ఈ మన్యానికి దక్షిణాన రాజమహేంద్రవరం శివారు మధురపూడిలో ఒక విమానాశ్రయం, ఉత్తరాన బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో మరొకటి ఉన్నాయి. రెంటి మధ్య గీత గీస్తే దాదాపు 220 కిలోమీటర్లు. నేరుగా ఎగిరితే చిన్న విమానానికి ముప్పావు గంట ప్రయాణం. అదే రోడ్డున మారేడుమిల్లి కనుమ, చింతూరు, కుంట, సుక్మాల మీదుగా వెళితే 300 కిలోమీటర్లు దాటుతుంది, పగలంతా గడిచిపోతుంది.

మా పెద్ద ఖాలా నివసించే కూనవరం మధురపూడికి గీత లెక్కన 80 కిలోమీటర్లకు అటూ ఇటూ. నడుమ పాపికొండలు అడ్డు నిలిచినందున రోడ్డు దూరం దాదాపు రెండింతలు.

కొత్తగూడెం చేరాము. అక్కడి రైల్వే స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్’. ఆ పేరు నమ్మి దిగిన కొత్తవారు భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లని తెలిసి నివ్వెరపోతుంటారు. పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాము. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన అది.

ఆ వంతెన మీద మా మాటలు ఆగిపోయాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే! వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. శబరి గోదావరిలో కలిసే చోటే కూనవరం. ఆ వారం ఖాలా జ్వరంతో మంచం పట్టి ఉన్నారు. ఫోను పలకలేదు. నాలుగు రోజులు ఆమె క్షేమం తెలియక మేము ఖమ్మంలోనే దుఆలు చేస్తూ కూర్చున్నాము.

భద్రాచలంలో జుహర్ నమాజ్ రెండు రకాతులుగా చేసుకున్నాము. “పూర్వం రోజుల తరబడి నడిచేవారు కదా, మనం కారులో మూడు గంటల్లో వచ్చాము. ఈ సడలింపు మనకెందుకు?” అని అబ్బాయి అడిగాడు. హనఫీ ధర్మవేత్తలు పూర్వపు మూడు రోజుల ప్రయాణాన్ని నేటి లెక్కలో సుమారు 78 కిలోమీటర్లుగా చెబుతారు. వాహనం వేగంగా పోయినంత మాత్రాన ఆ సడలింపు తొలగదు. ఒక ఊరికి దగ్గరి దారి, దూరపు దారి రెండూ ఉంటే, ప్రయాణికుడు నడిచిన దారినే లెక్కిస్తారు. ఇది విని వాడు ఫోనులోని గీత వైపు మరోసారి చూశాడు.

కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన ముంపు మండలాలలో ఒకటి. పోలవరం నీరు పెరిగితే ఖాలా ఇల్లు కూడా విడిచి వెళ్ళవలసినదే. టీ అందిస్తూ ఆమె అబ్బాయి లెక్కలన్నీ ఓపికగా విన్నారు.

“విమానం సంగతి సరే బేటా. వానాకాలంలో నన్ను ఆసుపత్రికి చేర్చడానికి ఎంతసేపు పడుతుందో అది చూపిస్తుందా?” అని అడిగారు.

వాడు ఫోను పక్కన పెట్టాడు. తిరుగు ప్రయాణానికి ముందే, వర్షాలు మొదలయ్యేలోగా ఆమెను ఖమ్మం తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఆమె మొదట ఒప్పుకోలేదు. అబ్బాయి బతిమాలిన మీదట, “ఈ ఒక్క వానాకాలానికే” అన్నారు. ఏటి ఒడ్డున మిగిలిన కుటుంబాలకు అల్లాహ్ దారి తెరిచి ఉంచుగాక!